పల్చటి జామాకు కషాయం

నా చిన్నప్పుడు మా పెరట్లో ఒక జామ ఉండేది. దాన్ని చెట్టు అనబుద్ధి కాదు నాకు. చెట్టంటే పైకి పెరగాలి కదా, అది పక్కలకి పెరిగింది. మా తాతయ్య పైకి పెరగనిస్తేగా! కొమ్మ కాస్త నిటారుగా లేచిందంటే చాలు, మెల్లిగా వంచి, పురికొస కట్టి, ఆ కొసని ఓ రాయికి ముడేసి నేలకి దింపేవాడు. అలా వంచిన కొమ్మకి కణుపు కణుపుకీ చిగురు వచ్చేది, చిగురు వెనకే మొగ్గ, మొగ్గ వెనకే పిందె. ఆకంతా రాలిపోయి బోసిగా ఉన్న రోజు నేనెరగను. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా పచ్చగా గుబురుగా సగం పెరడు ఆక్రమించుకుని కూర్చునేది. దాని కిందకి దూరితే బయటివాళ్ళకి కనపడం. మా అమ్మ నన్ను పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకునేది, నేను లోపల కూర్చుని దోరకాయలు కొరుకుతూ పలికేదాన్ని కాదు.

ఆ పొదలో మా ఇంటికి పనికిరానిది ఏదీ లేదు. పన్ను నొప్పంటే లేతాకు నమలమనేవారు. నోరు పూస్తే ఆకు మరిగించి పుక్కిలించమనేవారు. కాయ దోరగా ఉంటే ఉప్పూ కారం, ఇంకాస్త గట్టిదైతే పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి. ఉండేలు చేసుకోవడానికి పంగల కొమ్మ కావాలని ఊళ్ళో మగపిల్లలంతా మా దడి చుట్టూ తిరిగేవారు. అడిగినవాళ్ళకి తాతయ్య అంట్లు కూడా కట్టి ఇచ్చేవాడు. కొమ్మకి ఒకచోట బెరడు గుండ్రంగా తీసేసి, అక్కడ మట్టి పెట్టి గోనెపట్ట చుట్టి తడుపుతూ ఉంటే కొన్నాళ్ళకి వేళ్ళొచ్చేవి. ఊళ్ళో సగం ఇళ్ళలో ఉన్నవి మా జామ పిల్లలే. ఇక ఎవరికైనా కడుపు జారిందంటే జామాకు కషాయమే. గుప్పెడు లేతాకు దంచి, గ్లాసుడు నీళ్ళలో వేసి, అది అడుగంటేదాకా మరిగించి, నల్లగా చిక్కగా దిగిన దాన్ని ఒక్క ఉగ్గుగిన్నెడు గొంతులో పోసేది మా నాయనమ్మ. వద్దని పరిగెత్తితే మాత్రం ఊరుకుంటుందా, జుట్టు పట్టుకుని మరీ పోసేది.

మా నాయనమ్మ సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో ఆవిడ మాటే మాట. కూరలో ఉప్పు దగ్గర్నించి పొలంలో ఏం వెయ్యాలో దాకా ఆవిడే చెప్పేది. గొంతు వీధి చివరికి వినపడేది. తాతయ్య ఆవిడకి సరిగ్గా వ్యతిరేకం. మాట తక్కువ, పని ఎక్కువ. ఆవిడ అరుస్తుంటే కండువా భుజాన వేసుకుని పెరట్లోకి పోయి జామ కొమ్మలు సర్దుకునేవాడు. మా అమ్మకైతే అత్తగారి ముందు నోరు పెగిలేది కాదు. అట్లాగని నాయనమ్మ గయ్యాళి అనుకునేరు, కాదు. మా తమ్ముణ్ణి చంకన వేసుకుంటే దించేది కాదు. వాడికి మూడేళ్ళు నిండినా చిన్నపిల్లాడన్నట్టు తనే అన్నం కలిపి పెట్టేది.

మా ఊరు తిరువూరుకి దగ్గరే గానీ మధ్యలో కట్లేరు ఉంది. ఎండాకాలంలో అది వాగేనా అన్నట్టుంటుంది, పిల్లలం ఇసకలో గవ్వలేరుకునేవాళ్ళం. వానాకాలంలో పైన ఎక్కడో కుండపోతగా కురిసిందంటే మాత్రం ఇంక ఎవరూ అటూ ఇటూ కదలడానికి లేదు. ఆ రోజుల్లో మాకు డాక్టరన్నా తిరువూరే, మందుల షాపన్నా తిరువూరే. ఆ ఏడు శ్రావణంలో పట్టిన ముసురు వదల్లేదు. మా నాన్న ఏదో పని మీద తిరువూరు వెళ్ళాడు, ఆయన వెనకే వాగొచ్చింది. ఆయన అవతల ఉండిపోయాడు, మేం ఇవతల ఉండిపోయాం. సరిగ్గా అప్పుడే మా తమ్ముడికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి.

మొదట పొద్దున ఏదో తిన్నది పడలేదనుకున్నారు. పొద్దెక్కేసరికి వాడు లేచి నడవలేకపోయాడు. అమ్మ గుడ్డలు మార్చలేక మార్చలేక చివరికి పాత చీరలు చించి వాడి కింద పరిచింది. నాయనమ్మ దిష్టి తీసింది, ఇంట్లో దేవుడికి ముడుపు కట్టింది, చిక్కటి కషాయం పట్టింది. అది లోపలికి పోయినంత సేపు లేదు, బయటికొచ్చేసింది. తాతయ్య వానలోనే వాగు దాకా వెళ్ళి చూసి వచ్చాడు. ఎడ్లు కాదు కదా ఏనుగు కూడా దాటదని ఒక్క ముక్క చెప్పి, తడిసిన కండువా పిండుకుంటూ గుమ్మంలో నుంచున్నాడు.

వాడు ఒకటే అడుగుతున్నాడు, మంచినీళ్ళు, మంచినీళ్ళు అని. నాయనమ్మ ఒక్క చుక్క కూడా తగలనివ్వలేదు. మా వైపు అప్పట్లో అందరూ అదే నమ్మేవారు. కడుపు జారుతున్నప్పుడు నీళ్ళు పోస్తే చిల్లుకుండలో పోసినట్టే, పోసిందంతా జారిపోయి మనిషిని కూడా తీసుకుపోతుందని. అందుకే కడుపు ఎండబెట్టేవారు. మా ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనైనా అంతే. నాయనమ్మ మంచినీళ్ళ కుండ వాడి కంటపడకుండా వంటింట్లోకి జరిపించి, దాని మీద మూత పెట్టి, మూత మీద బరువు కూడా పెట్టింది. నన్ను పిలిచి, "ఒసేయ్ పిల్లా, వాడు ఏడ్చాడని జాలిపడి ఒక్క గుక్క పోశావంటే నీ తమ్ముడు నీకు దక్కడు, చెబుతున్నా," అంది. 

చూడండి, ఆ రోజు మా ఇంటి చుట్టూ నీళ్ళే. చూరు నించి ధార కడుతోంది. వాకిట్లో మడుగు. పెరట్లో గాబు నిండి పొర్లుతోంది. వసారాలో అమ్మ ఒళ్ళో పడుకుని వాడు ఆ చూరు ధార వంకే చూస్తున్నాడు, చెయ్యి చాపుతున్నాడు, అది అందదు. నుదుటి మీద వేసిన తడిగుడ్డ జారి నోటి దగ్గరికొస్తే దాని అంచు నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలెట్టాడు. అమ్మ చూసి కూడా చూడనట్టు మొహం పక్కకి తిప్పుకుంది. నాయనమ్మ పరిగెత్తుకొచ్చి ఆ గుడ్డ లాగేసింది. లాగేసి, ఆ గుడ్డనే తన మొహానికి కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంత ప్రేమ ఉన్న మనిషి అంత పని ఎలా చేసిందా అని నాకు అర్థం కాలేదు. ఆవిడ మీద కోపంతో పళ్ళు కొరుక్కున్నాను, ఏం లాభం? కుండ మూత తీసే ధైర్యం నాకు మాత్రం ఉందా!

అమ్మ నా వంక చూసింది, నేను అమ్మ వంక చూశాను. ఇద్దరం అలా చూసుకోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాం. ఆ చూపు ఉంది చూశారూ, ఈ వయసులో కూడా నన్ను వదల్లేదు.

మధ్యాహ్నం దాటాక వాడు నీళ్ళు అడగడం మానేశాడు. పోనీలే దాహం తీరిందేమో అనుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని! కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తున్నట్టు మొహం పెడుతున్నాడు గానీ కంట్లో తడి లేదు. అప్పటిదాకా గుమ్మంలో నుంచున్న తాతయ్య వచ్చి వాడి పక్కన గొంతుక్కూర్చుని, పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. అది పట్టినచోటే మడతగా నిలబడిపోయింది. ఆయన మొహంలో రంగు పోవడం నేను చూశాను. లేచి, గోనెసంచి నెత్తిన కప్పుకుని, "అమ్మడూ, రా," అని నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు.

ఇద్దరం జామ పొదలోకి దూరి లేతాకు కోశాం. నేను ఒడి నిండా కోశాను. ఆయన నా ఒడిలోంచి కాసిని ఆకులు మాత్రం ఏరుకుని మిగతావి అక్కడే వదిలెయ్యమన్నాడు.  వంటింట్లోకి వెళ్ళి, జన్మలో పొయ్యి దగ్గరికి రానివాడు, పెద్ద తపేలా ఎత్తి పొయ్యి మీద పెట్టి నిండా నీళ్ళు పోశాడు. అందులో ఆ కాసిని ఆకులూ పడేశాడు. నాయనమ్మ తెల్లబోయి చూసింది.

"ఏంటయ్యా ఇది? వైద్యం కూడా నేర్చావా? అన్ని నీళ్ళలో ఆ నాలుగాకులేంటి?" అని గయ్యిమంది.

ఆయన అప్పుడు మాట్లాడిన మాటలు నేను మర్చిపోలేను, ఎందుకంటే ఆయన అంత పొడుగ్గా మాట్లాడ్డం వినడం నాకదే మొదటిసారి. ఇది అందరి జామ కాదన్నాడు. వంచి కట్టిన జామ. పైకి పోవాల్సిన సత్తువంతా నేలపట్టునున్న ఆకులోకి దిగింది. మామూలు ఆకులా చిక్కగా కాచి పోస్తే పసివాడి పేగు ముడుచుకుపోతుంది, పొద్దున అందుకే నిలవలేదు. దీన్ని పల్చగానే కాచాలి, పల్చగా కాచింది పనిచెయ్యాలంటే మాటిమాటికీ పోస్తూనే ఉండాలి. ఒకసారి మొదలెట్టాక ఆపకూడదు, ఆపితే ప్రమాదం. కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు పడితే నోటికి హితంగా ఉంటుంది, వాంతి కాదు. ఇదంతా తన మేనమామ చెప్పాడట. ఆ మేనమామ ఎవరో, ఎప్పుడు చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి!

నాయనమ్మ నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. పొయ్యి వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. ఇది మందే కదా అంది. మందే, నీళ్ళు ఇవ్వమని నేనెందుకంటాను అన్నాడాయన. వసారాలోంచి పిల్లాడి మూలుగు కూడా వినపడ్డం లేదు. ఆవిడ ఉగ్గుగిన్నె అందుకుంది. నా చేత్తోనే పడతాను, ఎవరూ ముట్టుకోవద్దు అని మాత్రం అంది.

కాగింది. చల్లార్చాం. ఆ రంగు చూశాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దున నాయనమ్మ కాచింది తారులా ఉంటే, ఇదేమో గడ్డి నానిన నీళ్ళలా కూడా లేదు. నా నోరు ఊరుకోదు కదా, చిన్నప్పటినించీ అంతే. "తాతయ్యా, ఇది ఉత్త నీ..." అనబోయాను. ఆయన నా నోరు ముయ్యలేదు, కళ్ళెర్ర చెయ్యలేదు. నా చెయ్యి పట్టుకుని, ఇంకాస్త ఆకు కావాలి పద అంటూ మళ్ళీ పొదలోకి తీసుకెళ్ళాడు. పైన ఆకుల మీద వాన మోగుతోంది, కింద మేమిద్దరం మోకాళ్ళ మీద. అక్కడ చెప్పాడు నాకు. అంతమంది పెద్దవాళ్ళున్న ఇంట్లో నాకే ఎందుకు చెప్పాడో. ఇంకెవరికి చెప్పగలడు పాపం.

మా నాన్న కన్నా ముందు వాళ్ళకి ఇంకో కొడుకు ఉండేవాడట. మాకు పెదనాన్న కావలసినవాడు. వాడికీ ఇదే జబ్బు వచ్చింది, మా తమ్ముడి ఈడులోనే. అప్పుడు నాయనమ్మ చిన్నపిల్ల, ఇంట్లో పెద్దవాళ్ళంతా నీళ్ళివ్వద్దన్నారు, ఇవ్వలేదు. వాడు రోజంతా నీళ్ళడిగాడు. పొద్దుగూకేవేళ ఆవిడ ఇంక చూడలేక, ఎవరూ చూడకుండా చెంబుతో ఒక్క గుక్క పట్టింది. ఆ తర్వాత కాసేపటికే పిల్లాడు పోయాడు. ఆ గుక్కే వాణ్ణి చంపిందని నాయనమ్మ అప్పటినించీ అనుకుంటోంది. ఆ సంగతి తాతయ్యకి తప్ప ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు.

మరి నీళ్ళివ్వడం తప్పు కాదని నీకెలా తెలుసు అని అడిగాను. చాలా ఏళ్ళ తర్వాత మా పొలంలో పనిచేసే మనిషికి ఇదే జబ్బు వస్తే తాతయ్య బండి కట్టి తిరువూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాడట. అక్కడ మంచం పక్కన సీసా వేలాడదీసి చేతికి గొట్టం పెట్టారు. తాతయ్య డాక్టర్ని ఆ సీసాలో మందేంటండీ అని అడిగితే, మందేముందయ్యా, ఉప్పునీళ్ళే, ఒంట్లోంచి పోయిన నీళ్ళు మళ్ళీ ఎక్కించకపోతే మనిషెలా బతుకుతాడు అన్నాడట ఆయన. చర్మం పట్టి చూడ్డం కూడా అక్కడ చూసిందే. ఆ మనిషి లేచి ఇంటికి నడిచొచ్చాడు. తాతయ్య మాత్రం బండి తోలుకుంటూ దారంతా ఏడ్చుకుంటూ వచ్చాడట.

ఇంటికొచ్చి నాయనమ్మకి చెబుదామనుకున్నాడు. గుమ్మంలోకి వచ్చాక నోరు రాలేదు. ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఆ గుక్క నీ తప్పు కాదే అని చెబుదామంటే, ఇవ్వని గుక్కలన్నీ తప్పయిపోతాయమ్మడూ. మీ నాయనమ్మ అది తట్టుకోలేదు. నేను మాత్రం ఏం చేశాను? ఇవ్వమనీ అనలేదు, వద్దనీ అనలేదు. గుమ్మంలో నుంచున్నాను."

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళో ఎంతో. ఆ మాట మొత్తం అర్థమైందని చెప్పను. కానీ మా తాతయ్య గడ్డం మీద నించి కారేది వాననీళ్ళు కాదని మాత్రం అర్థమైంది. నోరు మూసుకోవాలని అర్థమైంది. తల ఊపాను. నాలుగాకులు కోసుకుని ఇద్దరం ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి వచ్చాం.

ఇంక అక్కణ్ణించి నా పని తపేలా దగ్గర్నించి వసారాలోకి, వసారాలోంచి తపేలా దగ్గరికి. నేను చెంబుతో తెస్తే నాయనమ్మ ఉగ్గుగిన్నెలోకి వంచుకుని వాడి పెదాల సందున కొంచెం కొంచెంగా పోసేది. మొదటి గిన్నె కక్కేశాడు. నాయనమ్మ గిన్నె కింద పెట్టేసింది. ఆపకూడదు, ఆపితే ప్రమాదం అని తాతయ్య వెనకనించి అన్నాడు. మళ్ళీ పట్టింది. అదీ కక్కాడు. మళ్ళీ పట్టింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి మొక్కుతోందో. తపేలాలో సగం అయిపోగానే తాతయ్య ఇంకో బిందె కాచి చల్లార్చి అందులో కలిపేవాడు, పైన పేరుకి ఓ ఆకు పడేసేవాడు.

మీరు నన్నడగండి ఆ సాయంత్రం ఎలా గడిచిందని. ఒకపక్క వీడు పోతాడేమోనన్న భయం. ఇంకోపక్క అంతకన్నా పెద్ద భయం. వీడికేదన్నా అయితే, అది నీళ్ళేనని ఎప్పటికైనా తెలిస్తే, నాయనమ్మ రెండోవాణ్ణి కూడా నేనే చంపాననుకుంటుంది కదా. తాతయ్య ఇంక ఈ లోకంలో ఎవరికీ మొహం చూపించలేడు కదా. నిజం తెలిసింది మా ఇద్దరికే. ఒకళ్ళకి చెప్పుకోవడానికి లేదు. వాగు తియ్యమని వాన తగ్గమని మొక్కడం తప్ప, చెంబు మొయ్యడం తప్ప నా చేతుల్లో ఏముంది? అమ్మకి తెలుసో తెలియదో కూడా తెలియదు. ఆవిడ వాడి అరికాళ్ళు రుద్దుతూనే కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకి వాంతులు తగ్గాయి. గిన్నె కోసం వాడే నోరు తెరవడం మొదలెట్టాడు. ఇంకాసేపటికి అమ్మ ఉన్నట్టుండి కెవ్వుమంది. అందరం హడలిపోయి చూశాం. ఆవిడ ఒళ్ళో చీర తడిసింది. పొద్దుననించీ ఒక్క చుక్క పోయనివాడు అమ్మ ఒళ్ళో ఉచ్చ పోశాడు! అమ్మ ఆ తడిచీర రెండు చేతులా పట్టుకుని నవ్వుతుంది, ఏడుస్తుంది, అత్తయ్యా అత్తయ్యా అంటుంది, ఇంకో మాట రాదు. నాయనమ్మ ఉగ్గుగిన్నె పట్టుకునే గోడకి చేరబడి కూలబడిపోయింది. తాతయ్య కండువా తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను వెనకే వెళ్ళబోతే చేత్తోనే వద్దన్నాడు.

వాగు తీశాక నాన్న మోకాళ్ళ దాకా బురదతో వచ్చేసరికి వాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. నాయనమ్మ ఆ కథ ఊరంతా చెప్పింది. వంచి కట్టిన జామాకు, పల్చగా, ఉప్పూ బెల్లం వేసి, తపేలాడు కాచి, ఆపకుండా. పిల్లలకి కడుపు జారితే జనం మా ఇంటికి ఆకు కోసం వచ్చేవారు, ఎలా కాచాలో నాయనమ్మ అరుగు మీద కూర్చుని చెప్పేది. మామూలు జామ పనికిరాదన్నారని ఊళ్ళో అందరూ తమ జామచెట్లకి రాళ్ళు కట్టి వంచేశారు! ఎవరింట్లో చూసినా నేల మీద పాకే జామలే. నవ్వొస్తుంది గానీ, ఆ తర్వాత మా ఊళ్ళో పసిపిల్లలు ఆ జబ్బుతో పోవడం బాగా తగ్గింది. తాతయ్య ఇదంతా చూస్తూ ఏమీ అనేవాడు కాదు. నేనూ అనలేదు. ఆ నిజం మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. కొన్నేళ్ళకి ఆయన పోయాక నా ఒక్కదాని దగ్గరే మిగిలింది.

నాకు పెళ్ళయి తిరువూరులో కాపురం పెట్టాక, నాయనమ్మ కొన్నాళ్ళు మా ఇంట్లో ఉండటానికి వచ్చింది. ఒకనాడు ఆరోగ్య కార్యకర్త, ఓ చిన్నమ్మాయి, పొట్లాలు పట్టుకుని మా వీధికి వచ్చింది. విరేచనాలైతే పిల్లలకి నీళ్ళు ఆపొద్దండి, ఈ పొట్లం కలిపి పట్టండి, పొట్లం లేకపోతే ఉప్పూ పంచదారా వేసిన నీళ్ళయినా సరే పడుతూనే ఉండండి, నీళ్ళు లేకే పిల్లలు పోతున్నారు అని వసారాలో నిలబడి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నాయనమ్మ మంచం మీద కూర్చుని అంతా వింది.  ఆ పిల్ల నోరు ఎలా మూయించాలో తెలియక కాఫీ తాగుతావా అమ్మా అని అడ్డం వచ్చాను. కానీ చెప్పాల్సిందంతా అప్పటికే చెప్పేసింది.

 ఆ పిల్ల వెళ్ళాక నాయనమ్మ నన్ను పిలిచి, ఈ పిల్ల చెప్పేది నిజమేనంటావా అని అడిగింది. నేను తాతయ్య మనవరాల్ని కదా, తడుముకోలేదు. ఉత్త నీళ్ళేం చేస్తాయి నాయనమ్మా, ఆ ఆకు లేకపోతే మా తమ్ముడు దక్కేవాడా అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ అరిచే గొంతు ఏమైపోయిందో, మెల్లిగా అంది.

"మందు పిల్లాడికి పట్టేముందు నాలిక్కి వేసుకు చూడనటే నేను? జామాకు ఎంత వగరుంటుందో నాకు తెలియదా? అందులో ఆకు వాసనే లేదు. మొదటి గిన్నెలోనే తెలిసింది."

 మరి ఎందుకు పట్టావని అడిగేలోగా ఆవిడే చెప్పింది. తనకీ ఇవ్వాలనే ఉందట. వాడు అడిగిన ప్రతిసారీ కుండ దగ్గరికి పోవాలనిపించి, పోలేక తనలో తను చచ్చిందట. ఎవరన్నా అది నీళ్ళు కాదు మందు అని చెబితే చాలు ఇచ్చేద్దామని కాచుకుని ఉన్నట్టుందట. తెలిసిందని తాతయ్యకి ఎప్పుడూ చెప్పలేదట, ఆయన బాధపడతాడని. ఒకే మంచం మీద ఒకే ఇంట్లో అన్నేళ్ళు ఇద్దరూ ఒకళ్ళకోసం ఒకళ్ళు నోరు కట్టుకుని బతికారు.

ఇంక అయిపోయిందనుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దాడప్పుడు కూడా నన్నెవరన్నా ఇట్టా మోసం చేసుంటే బాగుండేది కదే అమ్మడూ," అంది.

దానికి నా దగ్గర ఏ మందూ లేదు, ఏ అబద్ధమూ లేదు.  ఆ చెయ్యి అలా పట్టుకునే కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, పోయేదాకా.

మా తమ్ముడికి ఇప్పుడు మనవలున్నారు. వాడికి ఇదేమీ తెలియదు, జామాకే కాపాడిందని వాడూ నమ్ముతాడు, నమ్మనీ. ఆనాటినించీ ఎవరైనా మొండిగా వద్దంటే వద్దని కూర్చుంటే వాళ్ళ మీద నాకు వెంటనే కోపం రావడం మానేసింది. ఈ మనిషి ఎవరిని పోగొట్టుకుందో అనిపిస్తుంది ముందు. అది తాతయ్య దగ్గర నేర్చుకున్నాను. నాయనమ్మ దగ్గర్నించి నాకొచ్చింది మాత్రం వేరే. ఇంట్లో ఎంతమంది ఉన్నా సరే, ఏ పిల్లాడైనా మంచినీళ్ళు అన్నాడంటే, ఈ మోకాళ్ళ నొప్పులతో నేనే లేస్తాను. కోడళ్ళు కూర్చోమంటారు, నవ్వుతారు కూడా. నవ్వుకోనీండి. గ్లాసు వాడి చేతికిచ్చి, వాడు గటగటా తాగి మూతి తుడుచుకునేదాకా నేను అక్కణ్ణించి కదల్లేను.